ఫైలుతో పాటు రానివి: ఒక క్యాడ్ నుంచి మరో క్యాడ్‌కు మారే ఆఫీసుల కోసం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఏ క్యాడ్ ప్రోగ్రామ్, అంటే కంప్యూటర్‌లో భాగాలను డిజైన్ చేసే ప్రోగ్రామ్, మంచిది, ఏది కాదు అన్న చర్చ ఈ రోజు పెట్టుకోవడం లేదు. ఇక్కడున్న చాలామంది ఆ ప్రశ్న దాటి వచ్చేశారు. లైసెన్స్ ఖర్చు పెరిగిందనో, పెద్ద కస్టమర్ తన ప్రోగ్రామ్‌లోనే ఫైళ్లు కావాలన్నాడనో, రెండు కంపెనీలు కలిసిపోయాయనో, ఏదో ఒక కారణంతో పైన నిర్ణయం అయిపోయింది. ఫలానా తేదీ నుంచి కొత్త ప్రోగ్రామ్ అని మెయిల్ వచ్చేసింది. ఆ మెయిల్ చదివి టెన్షన్ పడుతున్న డిజైనర్ ఏం చేయాలి? ఆ డిజైనర్‌కు పని అప్పగించే టీమ్ లీడ్ ఏం చేయాలి? నేను మాట్లాడేది వీళ్లిద్దరితో.

చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రోగ్రామ్ మారినప్పుడు ఆకారం వస్తుంది. ఆ ఆకారం ఎందుకలా ఉందో చెప్పే సమాచారం రాదు. మన డబ్బు, సమయం, శ్రద్ధ ఆ రానిదాని మీద పెట్టాలి. చాలా ఆఫీసుల్లో వచ్చేదాని మీదే పెడతారు. వేల ఫైళ్లు రాత్రికి రాత్రి మార్చేశామని సంతోషిస్తారు. తర్వాత మొదటి మార్పు అడిగిన రోజున అసలు కష్టం తెలుస్తుంది.

ఎందుకలా అవుతుందో చూద్దాం. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ చేశాడు. తెర మీద లైట్ పెన్‌తో గీతలు గీసేవారు. గీయడం వరకైతే అది కాగితం పనే. ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి అని చెప్తే, ఆ నియమం గుర్తుపెట్టుకుని వాటిని సమాంతరంగా ఉంచేది. చూడండి, మొదటి నుంచీ క్యాడ్‌లో రెండు ఉన్నాయి. ఒకటి గీత. రెండోది ఆ గీత పాటించాల్సిన నియమం. 1980ల చివర్లో ప్రో ఇంజినీర్ అనే ప్రోగ్రామ్ వచ్చి ఆ నియమాన్నే మోడల్‌కు పునాది చేసింది. ఒక కొలత మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ మారతాయి. 1995లో సాలిడ్‌వర్క్స్ అదే పద్ధతిని మామూలు విండోస్ కంప్యూటర్‌కు తెచ్చింది. ఈ రోజు మనం ఫీచర్ ట్రీ అంటున్నది ఆ నియమాల వరసే.

ఈ ట్రీని ప్రతి ప్రోగ్రామూ తనదైన పద్ధతిలో రాసుకుంటుంది. ఒకరిది ఇంకొకరు పూర్తిగా చదవలేరు. అందుకే మధ్యలో స్టెప్ ఫైల్ పెట్టుకుంటాం. ఐఎస్‌ఓ 10303 అనే ప్రమాణం అది, 1994 నుంచి ఉంది. చాలా మంచి పని చేసింది, అందులో సందేహం లేదు. అయితే మనం రోజూ ఎక్స్‌పోర్ట్ చేసే స్టెప్ ఫైల్‌లో ఉండేది చివరి ఆకారం మాత్రమే. కుట్టిన చొక్కా చేతికొస్తుంది, కొలతలు రాసుకున్న కాగితం దర్జీ దగ్గరే ఉండిపోతుంది.

ఒక చిన్న ప్లేట్ తీసుకోండి. 200 మిల్లీమీటర్ల పొడవు, నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు. ప్రతి రంధ్రం అంచు నుంచి 15 మిల్లీమీటర్లు. మీ పాత ప్రోగ్రామ్‌లో పొడవు 240 చేస్తే ఏమవుతుంది? రంధ్రాలు అంచుతో పాటు జరుగుతాయి, 15 అలాగే ఉంటుంది. స్టెప్‌లో తెచ్చిన ప్లేట్‌కు పొడవు పెంచండి. రంధ్రాలు ఉన్నచోటే ఉంటాయి. దానికి 15 అనే సంగతే తెలియదు. ప్లేట్ విషయంలో కంటికి తెలిసిపోతుంది కాబట్టి సరిపోయింది. నలభై ఫీచర్లున్న గేర్‌బాక్స్ కేసింగ్‌లో ఎవరు చూస్తారు?

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది అందరూ రాసుకోండి. ఎం8 ట్యాప్ రంధ్రం, అంటే 8 మిల్లీమీటర్ల బోల్ట్ బిగించడానికి లోపల మరలు కోసే రంధ్రం. చాలా ప్రోగ్రామ్‌లలో మనం ఆ మరలను నిజంగా మోడల్ చేయం, గుర్తుగా మాత్రమే పెడతాం. ఆ గుర్తు స్టెప్‌లో మామూలుగా రాదు. కొత్త ప్రోగ్రామ్‌లో అది 6.8 మిల్లీమీటర్ల నున్నటి రంధ్రంగా కనిపిస్తుంది. ఎం8కి మరలు కోసే ముందు వేసే డ్రిల్ సైజు అదే కదా. కొత్తగా చేరిన అబ్బాయి ఆ మోడల్ మీద డ్రాయింగ్ తీస్తే ఏం రాస్తాడు? వ్యాసం 6.8 అని రాస్తాడు. అతని తప్పేముంది? అతనికి కనిపించింది అదే. షాప్ ఫ్లోర్‌లో డ్రిల్ చేసి వదిలేస్తారు. బోల్ట్ బిగించే రోజు దాకా ఎవరికీ తెలియదు.

మెటీరియల్ కూడా అంతే. డెన్సిటీ చాలాసార్లు రాదు. కొత్త ప్రోగ్రామ్ తన సొంత విలువ ఏదో వేసుకుంటుంది. అది నీటి డెన్సిటీ, అంటే ఘనమీటరుకు 1000 కిలోలు అయితే, 7850 ఉండాల్సిన స్టీల్ భాగం బరువు దాదాపు ఎనిమిదో వంతే చూపిస్తుంది. అందుకే ఇంపోర్ట్ చేసిన భాగాన్ని తనిఖీ చేసేటప్పుడు బరువులు పోల్చకండి. ఘనపరిమాణం పోల్చండి, ఉపరితల వైశాల్యం పోల్చండి, సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎక్కడుందో పోల్చండి. ఈ మూడూ కలిస్తే ఆకారం దాదాపు సరిగ్గా వచ్చినట్టే. ఇది నిమిషం పని. వందల ఫైళ్లుంటే చిన్న మాక్రోతో, అంటే ఆ పనిని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రామ్‌తో అయిపోతుంది.

ఇక్కడ ఒకరు తల ఊపుతున్నారు. మీకు ఇంపోర్ట్ అయ్యాక సాలిడ్ బదులు సర్ఫేస్‌లు, అంటే నిండు ఘనాకారం బదులు విడివిడి ముఖాలు వచ్చాయి కదా? అవును, చాలామందికి వస్తుంది. దాని కారణం తెలుసుకుంటే సగం పని తగ్గుతుంది.

ప్రతి క్యాడ్ ప్రోగ్రామ్ లోపల ఒక జామెట్రీ కెర్నల్ ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. రెండు ముఖాలు కలిసే అంచు ఎంత దగ్గరగా ఉంటే కలిసినట్టు లెక్క అనేది కెర్నల్ నిర్ణయిస్తుంది. క్యాటియా అనే ప్రోగ్రామ్ ఐదో వెర్షన్ వీ5లో మామూలుగా అది మిల్లీమీటరులో వెయ్యో వంతు. పారాసాలిడ్ కెర్నల్‌లో మిల్లీమీటరులో లక్షో వంతు. వంద రెట్లు తేడా. ఒకచోట మూసుకున్న అంచు ఇంకోచోట తెరుచుకున్నట్టు కనిపించడంలో ఆశ్చర్యం ఏముంది? దిగుమతి చేసే ప్రోగ్రామ్ కుట్టి సర్దడానికి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే సర్ఫేస్‌లుగా వదిలేస్తుంది.

మరి దీనివల్ల మనకు లాభమేంటి? మీ పాత ప్రోగ్రామూ కొత్త ప్రోగ్రామూ ఒకే కెర్నల్ వాడుతున్నాయేమో ముందు చూసుకోండి. సాలిడ్‌వర్క్స్, ఎన్‌ఎక్స్, సాలిడ్ ఎడ్జ్, ఆన్‌షేప్ ఈ నాలుగూ పారాసాలిడ్ మీదే నడుస్తాయి. వీటిలో ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తుంటే స్టెప్ దారి ఎందుకు? పారాసాలిడ్ ఫైల్‌గానే ఇవ్వండి. ఆకారానికి అనువాదమే అక్కర్లేదు. సాలిడ్‌వర్క్స్, క్యాటియా రెండూ దస్సో సిస్టమ్స్‌వే, అయినా వాటి కెర్నల్స్ వేరు. సాలిడ్‌వర్క్స్ వాడే పారాసాలిడ్ సీమెన్స్ వాళ్లది. కంపెనీ పేరు ఒకటే కదా, ఫైళ్లు సులువుగా వెళ్లిపోతాయి అనుకోకండి.

వెర్షన్ సంగతీ అంతే. ఎయిర్‌బస్ ఏ380 విషయం మీలో కొందరు వినే ఉంటారు. ఆ విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల వైరింగ్ ఉంది. జర్మనీ, స్పెయిన్ బృందాలు క్యాటియా వీ4లో పనిచేశాయి. ఫ్రాన్స్, బ్రిటన్ బృందాలు వీ5కి వెళ్లిపోయాయి. పేరు ఒకటే, తయారుచేసింది ఒకరే, కానీ లోపల రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లు. ఒకచోట చేసిన మార్పు ఇంకోచోట సరిగా అందలేదు. హాంబర్గ్‌లో తయారైన వైర్ల కట్టలు టూలూజ్‌లో బిగించబోతే పొడవు చాలలేదు. విమానం దాదాపు రెండేళ్లు ఆలస్యమైంది. 2010 వరకు లాభంలో 480 కోట్ల యూరోల కోత పడుతుందని 2006లో ప్రకటించారు. కారణాలు ఇంకా ఉన్నాయి, మొత్తం నెపం సాఫ్ట్‌వేర్ మీదే వేయడం సరికాదు. కానీ ఒకే ప్రాజెక్టులో సగం మంది పాతదాంట్లో, సగం మంది కొత్తదాంట్లో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

అందుకే టీమ్ లీడ్‌లను బతిమాలుతున్నాను. మనుషులను విభజించకండి, ప్రాజెక్టులను విభజించండి. నడుస్తున్న ప్రాజెక్టు పాత ప్రోగ్రామ్‌లోనే ముగియనివ్వండి. కొత్త ప్రాజెక్టు మొదటి రోజు నుంచీ కొత్తదాంట్లో మొదలుపెట్టండి. ఒక ప్రాజెక్టుకు ఒక ప్రోగ్రామ్. రెండు లైసెన్సులకు కొన్నాళ్లు డబ్బు కట్టాల్సి వస్తుంది, నిజమే. కట్టండి.

షీట్ మెటల్ వాళ్లకు, డ్రాయింగ్‌ల వాళ్లకు

ఇక్కడ షీట్ మెటల్ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మంచిది, చాలామందే ఉన్నారు. మీ విషయం విడిగా చెప్పాలి.

రేకును వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. మధ్యలో సాగని, నొక్కుకోని పొర ఒకటి ఉంటుంది. అది మందంలో ఎంత లోతున ఉందో చెప్పేదే కె ఫ్యాక్టర్. ఫ్లాట్ ప్యాటర్న్, అంటే వంచక ముందు కోయాల్సిన రేకు ఆకారం, దాని పొడవు కె ఫ్యాక్టర్ మీదే ఆధారపడుతుంది. ప్రతి ప్రోగ్రామూ కె ఫ్యాక్టర్‌ను ముందే ఏదో ఒక విలువతో ఇస్తుంది. ఒకదాంట్లో 0.44 ఉంటుంది, ఇంకోదాంట్లో 0.5 ఉంటుంది. చిన్న తేడానే కదా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. 2 మిల్లీమీటర్ల రేకు, లోపలి వంపు వ్యాసార్థం 2, కోణం 90 డిగ్రీలు. 0.44తో ఆ వంపుకు పట్టే పొడవు 4.52 మిల్లీమీటర్లు. 0.5తో 4.71. ఒక్క వంపుకే దాదాపు 0.19 తేడా. నాలుగు వంపుల పెట్టెకు 0.75 మిల్లీమీటర్లు. మూత కూర్చుంటుందా? 3డీ మోడల్‌లో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఉండేది ఫ్లాట్‌లో. లేజర్ కటింగ్‌కు వెళ్లేది ఫ్లాటే.

రేకు వంచే మీ బ్రేక్ ప్రెస్ మీద, దాని డైలతో, మీ రేకుతో ఏళ్ల తరబడి సరిచేసుకున్న విలువలు పాత ప్రోగ్రామ్‌లో ఎక్కడో ఒక టేబుల్‌లో ఉంటాయి. కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసిన రోజే ఆ టేబుల్ అందులోకి ఎక్కించాలి. అది అయ్యేదాకా ఒక్క ఫ్లాట్ కూడా బయటకు పంపకండి. ఆ టేబుల్ ఎవరి దగ్గర ఉందో, ఏ విలువ ఎందుకు మార్చారో తెలిసిన మనిషిని పట్టుకోండి. సాధారణంగా ఆ మనిషి మీటింగుల్లో మాట్లాడడు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి.

2డీ డ్రాయింగ్‌లు మాత్రమే చేసేవాళ్ల కష్టం వేరే రకం. ఆటోక్యాడ్ నుంచి దాని డీడబ్ల్యూజీ ఫైళ్లు చదివే ఇంకో ప్రోగ్రామ్‌కు, బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటివాటికి వెళ్తే గీతలన్నీ వస్తాయి. లేయర్లు, బ్లాక్‌లు వస్తాయి. కమాండ్ల షార్ట్‌కట్‌లు కూడా చాలావరకు అవే పనిచేస్తాయి. ఆఫీసులో ఎవరో లిస్ప్ భాషలో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామ్‌లు కూడా చాలా పనిచేస్తాయి, కానీ ఒక్కొక్కటీ నడిపి చూసుకోవాలి. ప్రింట్‌లో ఏ గీత ఎంత మందమో చెప్పే ప్లాట్ స్టైల్ ఫైల్ మర్చిపోతే గీతల మందాలన్నీ ఒకటైపోతాయి.

అన్నిటికంటే నేను భయపడేది ఫాంట్ల గురించి. జ్యామితీయ టాలరెన్స్ గుర్తులు, అంటే ఆకారంలో, స్థానంలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే గుర్తులు, ఒక ప్రత్యేక ఫాంట్‌తో వస్తాయి. ఆ ఫాంట్ కొత్త మెషీన్‌లో లేకపోతే గుర్తుల స్థానంలో మామూలు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. వ్యాసం గుర్తు ఉండాల్సిన చోట ఎన్, పొజిషన్ గుర్తు ఉండాల్సిన చోట జె. బాక్స్ మాత్రం పద్ధతిగానే ఉంటుంది. హడావుడిలో ఉన్నవాడి కంటికి ఆనదు. కాబట్టి మీ దగ్గరున్న అత్యంత చిక్కు డ్రాయింగ్ ఒకటి తీయండి. పాత ప్రోగ్రామ్‌లోంచి పీడీఎఫ్, కొత్తదాంట్లోంచి పీడీఎఫ్. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ కాస్తా థర్డ్ యాంగిల్ అయిపోయిందా? ఇదీ చూడండి. పై నుంచి, పక్క నుంచి చూసిన బొమ్మలను కాగితం మీద ఎక్కడ పెట్టాలో చెప్పే రెండు పద్ధతులవి. టెంప్లేట్ మారితే కొత్త డ్రాయింగ్‌లో ఆ వ్యూల స్థానాలు తారుమారవుతాయి. టైటిల్ బ్లాక్‌లో గుర్తు మాత్రం పాతదే ఉంటే అదింకా ప్రమాదం.

చేతుల సంగతి

ఇప్పటిదాకా ఫైళ్ల గురించి మాట్లాడాను. మనుషుల గురించి మాట్లాడకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

ఒక ప్రోగ్రామ్ మీద పదిహేనేళ్లు పనిచేసినవారి చేతులు చూశారా? కళ్లు మోడల్ మీదే ఉంటాయి. ఎడమ చెయ్యి కీబోర్డు మీద తనంతట తాను నడుస్తుంది. ఆలోచనకూ తెరకూ మధ్య అడ్డం ఉండదు. ప్రోగ్రామ్ మార్చిన రోజున ఆ మనిషి మోడల్ తిప్పడానికి కూడా ఆగి ఆలోచించాలి. ఒకదాంట్లో మౌస్ మధ్య బటన్ నొక్కితే తిరుగుతుంది. ఇంకోదాంట్లో అదే బటన్ నొక్కితే పక్కకు జరుగుతుంది, తిప్పాలంటే షిఫ్ట్ కూడా పట్టుకోవాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. రోజుకు వేల సార్లు చేసే పని చిన్నదెలా అవుతుంది?

అప్పుడు ఏం జరుగుతుంది? నిన్న చేరిన కుర్రాడు ఆయనకంటే వేగంగా చేస్తాడు. ఆయన ఆ మాట పైకి అనరు గానీ లోపల కుంగిపోతారు. మేనేజర్లకు నా విన్నపం ఇది. మొదటి నెలల్లో వేగం కొలవకండి. ఎవరు ఎన్ని డ్రాయింగ్‌లు తీశారని బోర్డు మీద పెట్టకండి. ఆయన దగ్గరున్నది కీబోర్డు వేగం ఒక్కటే అనుకుంటే మనం నష్టపోతాం. ఆ కేసింగ్ గోడ మందం ఎందుకు 6 పెట్టామో, ఆ రంధ్రం ఎందుకు అర మిల్లీమీటరు పక్కకు ఉందో తెలిసింది ఆయనకే. నేను ఇందాక ఫైలుతో పాటు రాదు అన్నది ఆయన దగ్గరే ఉంది. పాత భాగాలను కొత్తగా కట్టేటప్పుడు ఆయన చెప్తుంటే కుర్రాడు మోడల్ చేయాలి. ఇద్దరూ నేర్చుకుంటారు. ఈ జంట పని ఏ ట్రైనింగ్ కంటే ఎక్కువ ఫలితం ఇస్తుందని నా నమ్మకం.

షార్ట్‌కట్‌లన్నీ పాత ప్రోగ్రామ్‌లా మార్చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. మౌస్ మార్చుకోండి, రోజూ వాడే నాలుగైదు కమాండ్లు మార్చుకోండి. అంతకంటే వద్దు. కారణం ఉంది. షార్ట్‌కట్ పాతదైతే ఆలోచన కూడా పాతదారినే పోతుంది. అసెంబ్లీ, అంటే భాగాలను కలిపి బిగించడం, చూడండి. ఏ భాగానికైనా ఆరు రకాల కదలికలుంటాయి, మూడు జరగడాలు, మూడు తిరగడాలు. సాలిడ్‌వర్క్స్‌లో మేట్‌లు అనే నియమాలు పెడుతూ ఆ కదలికలను కట్టేస్తాం. షాఫ్ట్‌ను రంధ్రంతో ఏకకేంద్రం చేస్తాం, తర్వాత భుజాన్ని ముఖానికి ఆనిస్తాం, తిరగడం ఒక్కటి మిగులుతుంది. ఆటోడెస్క్ వాళ్ల ఫ్యూజన్‌లో జాయింట్ ఒక్కటే పెడతాం, ఇది తిరిగే జాయింట్ అని చెప్తాం, అయిపోతుంది. అక్కడికి వెళ్లి మేట్ ఎక్కడుంది, మేట్ ఎక్కడుంది అని వెతికితే ఆ ప్రోగ్రామ్ ఎప్పటికీ అర్థం కాదు. అలాగే ఫ్యూజన్‌లో ముందు కాంపొనెంట్ సృష్టించి, దాని లోపల స్కెచ్ గీయాలి. అది తెలియక అన్నీ బాడీలుగా, అంటే విడి భాగాలుగా గుర్తించని ఉత్త ఆకారాలుగా చేసుకుంటూ పోయినవాళ్లు అసెంబ్లీ దగ్గర ఇరుక్కుపోతారు. కొత్త ప్రోగ్రామ్ ఏ క్రమంలో ఆలోచిస్తుందో ముందు అది నేర్చుకోండి. బటన్లు తర్వాత వస్తాయి.

నేర్చుకోవడానికి ట్యుటోరియల్‌లోని భాగం తీసుకోకండి. అది ఆ ప్రోగ్రామ్‌లో బాగా వచ్చేలా ఎంచినది. మీ సొంత భాగం, మీకు పాత ప్రోగ్రామ్‌లో ఇబ్బంది పెట్టిన భాగం తీసుకోండి. డెడ్‌లైన్ లేనిది తీసుకోండి.

ఇక పాత ఫైళ్లు. ఏవి మార్చాలి? అన్నీ మార్చాలని మొండికేయకండి. మళ్లీ మార్పు అడిగే అవకాశం ఉన్నవి, కొత్త మోడళ్లకు మూలంగా వాడేవి, వీటిని మొదటి నుంచి కట్టండి, ట్రీతో సహా. స్టాండర్డ్ భాగాలు, కొనుక్కొచ్చే బేరింగులు, మోటార్లు ఆకారంగా వస్తే చాలు. మిగిలినవి వాటిమీద పని పడిన రోజున చూసుకుందాం. స్టెప్‌లో వచ్చిన భాగానికి చిన్న మార్పు కావాలంటే ట్రీ లేదని బాధపడనక్కర్లేదు. చాలా ప్రోగ్రామ్‌లలో ముఖాన్ని పట్టుకుని నేరుగా జరిపే సౌకర్యం ఉంది. సాలిడ్ ఎడ్జ్‌లో 2008 నుంచి సింక్రనస్ అనే పేరుతో ఉంది. రంధ్రం పక్కకు జరపాలి, గోడ మందం పెంచాలి, ఇలాంటివి బాగానే చేసుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం ఆలస్యం చేయకండి. పాత లైసెన్స్ సబ్‌స్క్రిప్షన్ అయితే గడువు ముగిసిన మర్నాడు ఆ ప్రోగ్రామ్‌లో ఆ ఫైళ్ల మీద పని చేయలేరు. ఆటోడెస్క్ కొత్త శాశ్వత లైసెన్సులు అమ్మడం 2016లోనే ఆపేసింది, మిగతా చాలామందీ అదే దారిలో ఉన్నారు. గడువుకు ముందే ప్రతి విడుదలైన భాగానికీ మూడు తీసిపెట్టండి. అసలు ఫైల్, స్టెప్ ఫైల్, డ్రాయింగ్ పీడీఎఫ్. స్టెప్ తీసేటప్పుడు అందులో ఏపీ 242 అనే రకం ఎంచుకుంటే, మీరు మోడల్ మీదే కొలతలు, టాలరెన్స్‌లు రాసి ఉంటే అవి కూడా అందులో వెళ్లగలవు. ఫైల్ పేరులో రివిజన్ ఉండాలి, ఎందుకంటే ఫైళ్లను, వాటి రివిజన్లను దాచే పీడీఎం వ్యవస్థ నుంచి బయటకు వచ్చాక రివిజన్ చరిత్ర దాని వెంట రాదు. వీలైతే ఒక్క సీటు, అంటే ఒక్కరు వాడుకునే పాత లైసెన్స్ ఇంకో ఏడాది ఉంచండి. షాప్ ఫ్లోర్ నుంచి ఈ కొలత ఎక్కడిది అని ఫోన్ వచ్చినప్పుడు ఆ ఒక్క సీటే సమాధానం చెప్తుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. షీట్ మెటల్ వాళ్లు ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తున్నారు, ముందు వాళ్లకు మైక్ ఇవ్వండి.